శనివారం బోల్టులు

“ఇది మీకు అమ్మను” అంది ఆ అమ్మాయి.

వెర్నాకి ప్రాణం లేచొచ్చింది. ఇంటి దగ్గర బయల్దేరింది మొదలు కొడుక్కి తాను చెప్పాలని చూస్తున్నదీ అలాంటి మాటే.

కోల్బీ మాత్రం టోపీ వెనక్కి తోసుకుని, షాపు ముందు వరసగా నిలబెట్టిన, ట్రాక్టర్ వెనక తగిలించి గడ్డి కోసే మోవర్లలో అన్నిటికన్నా పెద్దదాని మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడ్డాడు.

“అమ్మడానికే కదా ఎండలో పెట్టారు?”

“అమ్మడానికే. మీ ట్రాక్టర్‌కి మాత్రం కాదు. పాతిక హార్స్ పవర్ అన్నారు. వెనక మోవర్‌ని తిప్పే షాఫ్ట్ దాకా వచ్చేసరికి మిగిలేది ఏ ఇరవయ్యో. దానికి ఆరడుగుల మోవర్ తగిలిస్తే చదునులోనే మూలుగుతుంది. మీది కొండవాలు. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి.”

“లేస్తాయా!” అంది వెర్నా, గుండె మీద చెయ్యి వేసుకుని. ఆమె కళ్ళముందు ట్రాక్టర్ అప్పుడే తిరగబడింది. అంబులెన్స్ కూడా వచ్చింది, దారి తప్పి ఆలస్యంగా.

“అమ్మా, ఇంకా కొననేలేదు.”

“కొనకముందే భయపడాలి. కొన్నాక ఏం లాభం? చిన్నది చూపించు తల్లీ. అన్నిటికన్నా చిన్నది.”

“నాలుగడుగులది కూడా వద్దు మిస్ వెర్నా” అంది అమ్మాయి, అక్కడ పెద్దావిడల్ని పిలిచే మర్యాదతో. వాళ్ళు వచ్చీ రాగానే ఇద్దరి పేర్లూ అడిగి తెలుసుకుంది. తన పేరు మార్లీ. షాపు వాళ్ళ మామయ్యది. పక్క కౌంటీ నుంచి ఈ చలికాలమే వచ్చింది. “ట్రాక్టర్ ఈ టైరు నుంచి ఆ టైరు దాకా దానికన్నా వెడల్పు. టైరు తొక్కిన గడ్డి కోతకి అందదు. మనం ఇటు తిరగ్గానే అది అటు లేచి నిలబడుతుంది. ఐదడుగుల్లో తేలికరకం తీసుకోండి. ట్రాక్టర్ ముందువైపు బరువులు కట్టుకోండి. బొటనవేలికన్నా లావున్న చెట్టు మీదికి మాత్రం తోలకండి.”

“మీరు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారా?” అన్నాడు కోల్బీ.

“ఎలాగ?”

“మా అమ్మలాగ.”

మార్లీ నవ్వలేదు. ఐదడుగుల మోవర్ దగ్గరికి నడిచి, దాని వెనక తెరలాగా వేలాడుతున్న గొలుసుల్ని కాలితో కదిపింది. “రాళ్ళు ఎగిరి రాకుండా ఇవి. ఇక ఇందులో రెండు రకాలు. బ్లేడు మొద్దుకో రాయికో తగిలితే ఆ దెబ్బ గేర్‌బాక్స్ దాకా పోకూడదు కదా. దీనికి క్లచ్ ఉంది, జారి ఊరుకుంటుంది. దీనికేమో షాఫ్ట్‌లో మెత్తని బోల్టు ఒకటి. దెబ్బ తగిలితే ముందు అదే విరుగుతుంది. కొత్తది వేసుకోవాలి.”

“క్లచ్‌దే” అన్నారు తల్లీకొడుకులు ఒక్కసారే. పొద్దున్నించీ వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

“సరే. ఏటా ఒకసారి విప్పి తుప్పు చూసుకోండి. లేకపోతే బిగుసుకుపోతుంది.”

కోల్బీ బోల్టు మోవర్ వైపు వంగి చూశాడు. “ఆ బోల్టులు ఎక్కడ దొరుకుతాయి?”

“ఇక్కడే.”

“ఎవరిస్తారు?”

“నేనే. ఆదివారం తప్ప రోజూ ఉంటాను. శనివారం మధ్యాహ్నం దాకా.”

“అయితే బోల్టుదే ఇవ్వండి” అన్నాడు.

క్లచ్‌దానికన్నా కాస్త చవకని వెర్నా అర్థం చేసుకుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పిసినారితనం మాత్రం కొడుకులో క్షేమంగా ఉంది.

కొండవాలు పచ్చిక కోల్బీ తాతది. ఆయన పోయాక ముళ్ళపొదలు, సీడార్ మొక్కలు కలిసి దాన్ని ఆక్రమించాయి. ఎండాకాలం వెళ్ళేలోపు బాగుచేసి, ఆవుల్ని తోలాలని కోల్బీ ఆశ. వారమంతా దాణా మిల్లులో పని. కోతకి దొరికేవి సాయంత్రాలూ శనివారాలే.

అతను కోస్తున్నంతసేపూ వెర్నా వరండాలో కూర్చుని చెవి అటు పెట్టేది. మోత వినిపిస్తే భయం. ఆగితే మరీ భయం. ఆగిందంటే ట్రాక్టర్ బోర్లా పడిందనే ఆమె లెక్క. నీళ్ళ సీసా పట్టుకుని సగం దూరం పరుగెత్తేసరికి మోత మళ్ళీ మొదలయ్యేది.

శనివారం వచ్చేసరికి కోల్బీ పొద్దున్నే కొండ దిగివచ్చేవాడు.

“బోల్టు విరిగిందమ్మా. షాపుకెళ్ళొస్తా.”

“మళ్ళీనా! దేనికి తగిలింది?”

“మొద్దుకి.”

స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గడ్డం గీసుకుని బయల్దేరేవాడు.

“బోల్టు కొనడానికి గడ్డం గీసుకోవాలా?”

“ఊళ్ళోకి కదమ్మా.”

“పుట్టింది మొదలు ఊళ్ళోకి వెళ్తున్నావు. ఎప్పుడైనా గీసుకున్నావా?”

నవ్వి వెళ్ళిపోయేవాడు. షాపు ఎంతో దూరం లేదు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. బిస్కెట్ రొట్టెలు, గ్రేవీ పెడితే సగం తిని కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. వెర్నాకి సంగతి తెలిసిపోయింది. మనిషి గడ్డం గీసుకుని, అసలు సంగతి చెప్పకుండా వెళ్ళేది డాక్టర్ దగ్గరికే, తిండి మానేసి తిరిగొచ్చేదీ అక్కణ్ణుంచే. పైగా ఆ బోల్టు. వారం వారం విరుగుతోందంటే వారం వారం దేన్నో గుద్దుతున్నాడన్నమాట. రోగాన్ని ఆమె ఆపలేదు. మోవర్‌ని ఆపగలదు.

ఒక మంగళవారం సాయంత్రం కోల్బీ కొండెక్కగానే పికప్ ట్రక్కు తీసుకుని షాపుకి వెళ్ళింది.

తలుపు తెరిచీ తెరవకముందే మార్లీ స్టూలు మీంచి లేచి నిలబడింది. “కోల్బీకి ఏమైంది?”

వెర్నా గుమ్మంలోనే ఆగిపోయింది. అలా అడిగేది తానొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

“ఏదో అయిందని ఎందుకనుకున్నావు?”

“మీరొక్కరే వచ్చారుగా.”

“ఏం కాలేదు. అవుతుంది. ఆ మోవర్ వెనక్కి తీసేసుకో తల్లీ. ఇలాగే విరుగుతూ పోతే ఒకరోజు బ్లేడే ఊడి...”

“ఊడి కాలికి తగిలితే...”

“కాలికెందుకు, మెడకే తగులుతుంది!”

మార్లీ ముఖం పాలిపోయింది. “నేను చెబుతూనే ఉన్నానండీ. ముందు నడిచి చూడు, మొద్దు కనబడితే ఎర్ర రిబ్బన్ కట్టు అని. కడతానంటాడు. మళ్ళీ శనివారం నవ్వుకుంటూ వచ్చి విరిగిందంటాడు. చర్చిలో పాట పాడుతున్నా నాకు ఆ షాఫ్టే కనిపిస్తోంది. నేనే తప్పుది ఇచ్చానేమో.” లోపలికి తిరిగి అరిచింది. “మామయ్యా! ఆ ఐదడుగుల మోవర్ వెనక్కి తీసుకుంటున్నాం!”

“ఎవరు చెప్పారు?” లోపల్నించి గొంతు.

“నేనే!”

పికప్ పచ్చికలోకి వచ్చేసరికి కొండ వెనక మబ్బు పట్టింది. కోల్బీ ఇద్దరినీ చూసి ట్రాక్టర్ ఆపాడు.

“షాఫ్ట్ ఆపు. ఇంజన్ ఆపు. తాళం ఇలా ఇచ్చి దిగు” అంది మార్లీ.

“ఏమైంది?”

“దిగు.”

బ్లేడు పూర్తిగా ఆగేదాకా చూసి, మార్లీ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని షాఫ్ట్ తొడుగు జరిపింది. చాలాసేపు చూసింది. “బోల్టు ఎప్పుడు మార్చావు?”

“శ... శనివారం.”

“దీని తల మీద ఫ్యాక్టరీ వాళ్ళు పూసిన పసుపు రంగు అలాగే ఉంది.”

కోల్బీ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వెర్నా సీటు పక్కనున్న పనిముట్ల పెట్టె తెరిచింది. అందులో పాత కాఫీ డబ్బా. డబ్బా నిండా కొత్త బోల్టులు, తళతళలాడుతూ.

“అబద్ధమా?” మార్లీ లేచింది. “నేను నిద్రపోవడం లేదు తెలుసా? మొద్దులన్నీ కలలోకొస్తున్నాయి!”

“నువ్వు చెప్పినట్టే చేశాను. చూడు.”

అప్పుడు చూశారు ఇద్దరూ. కొండవాలు పొడుగునా, ప్రతి మొద్దు పక్కనా, ప్రతి రాయి పక్కనా పుల్ల గుచ్చి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. గాలికి అన్నీ ఒకేవైపు ఊగుతున్నాయి.

“మొత్తం నడిచాను. ఒక్కటీ తగల్లేదు. ఒక్కటీ విరగలేదు. విరక్కపోతే నీ దగ్గరికి ఏం చెప్పుకుని రావాలి?”

“ఊరికే రాకూడదా?”

“వస్తే ఏం కావాలి అంటావు. అందర్నీ అదే అడుగుతావు. అడిగితే చెప్పాలి కదా.”

మార్లీ మోకాళ్ళ మట్టి దులుపుకుంది. “ఇప్పుడు అడుగుతున్నా. ఏం కావాలి?”

“శనివారం మధ్యాహ్నం షాపు మూశాక... నువ్వు.”

మొదటి చినుకులు ట్రాక్టర్ బానెట్ మీద టపటపమన్నాయి. ఎవరూ కదల్లేదు.

“మెరుపులొస్తుంటే ఇనప ట్రాక్టర్‌ని పట్టుకుని నిలబడతారా ఇద్దరూ!” అని అరిచింది వెర్నా. “బండెక్కండి!” ఎక్కుతుండగా కొడుకు చెవి దగ్గర అడిగింది. “అయితే డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదా?”

“ఏ డాక్టర్?”

“ఏం లేదులే.”

వంటింట్లో ముగ్గురూ బీన్స్, కార్న్‌బ్రెడ్ తిన్నారు. కోల్బీ రెండోసారీ వడ్డించుకున్నాడు. వెర్నా అది గమనించింది. చీకటి పడకముందే మార్లీని షాపు దగ్గర దింపడానికి అతను పికప్ తాళం తీసుకున్నాడు.

“దింపగానే ఫోన్ చెయ్యి తల్లీ. రోడ్డు తడిగా ఉంది. జింకలు అడ్డం పడతాయి” అంది వెర్నా.

“చేస్తానండీ.” మార్లీ వరండా దిగబోయి ఆగింది. “మిస్ వెర్నా, ఈ మెట్టు వదులైంది. వానకి జారుతుంది. మీరొక్కరే ఉన్నప్పుడు ఇటు దిగకండి. పడితే ఎవరూ చూడరు.”

రోజూ తాను అనేలాంటి మాటే ఎదుటివాళ్ళ నోట విని వెర్నా ఆ మెట్టు మీంచి కాలు వెనక్కి తీసుకుంది. తల ఊపింది.

కోల్బీ దిగుతూ వెనక్కి తిరిగాడు. “మోవర్ రేపే వెనక్కి పంపాలా అమ్మా?”

“ఉండనీ” అంది వెర్నా. “ముందు ఈ మెట్టు బాగుచెయ్యి. శనివారం ఆ పిల్ల వస్తుంది.”