మోచేతికి చుట్టిన వైరు

"రేపు ఆ మనిషి ప్రాణం నువ్వు కాపాడాలి," అన్నది నిఘా విభాగాధిపతి, ఫైలు మూస్తూ.

ఆ మనిషిని అనుచరులు కంఠం అంటారు. వలసవచ్చినవాళ్లను పురుగులతో పోల్చి పేరు తెచ్చుకున్నవాడు.

"వాడి సభకు పర్మిషన్ ఎవరిచ్చారు మేడమ్?" అన్నాడు ఏజెంటు.

"కోర్టు. తిట్టొచ్చు, దాడి చెయ్యమనకూడదు. అదీ షరతు. విదేశీ ముఠా వాణ్ణి ఇన్నాళ్లూ పెంచింది. ఇప్పుడు చంపి, ఆ నేరం ఎదుటి నిరసనకారుల మీదికి నెడుతుంది. ఆపైన జనం వాళ్లను బతకనివ్వరు."

"కబురెవరిది?"

"గాగుల్స్. తుపాకీ నిరసనకారుల మొదటి వరుసలో ఉంటుందట."

గాగుల్స్ కంఠానికి ప్రచార కార్యదర్శి. నల్లకళ్లద్దాలు, మెత్తని మాట. మూడేళ్లుగా విభాగానికి రహస్యంగా రిపోర్టులు పంపుతున్న అందగత్తె. ఏజెంటు ఆమెను ఏనాడూ నమ్మలేదు. పైగా ఆ మొదటి వరుసలో నిలబడబోయేది టీచరైన అతడి సొంత అక్క.

మర్నాడు మూడింటికి అతడు మైకుసెట్టు పనివాడి వేషంలో వేదిక దగ్గర ఉన్నాడు. తమ్ముడు ఎలక్ట్రీషియనని నమ్మే అక్క రోడ్డు దాటి వచ్చింది.

"ఏరా, వీడికా మైకు పెడుతున్నావు?"

"కూలిపనేగా అక్కా. నువ్వు ఇంటికెళ్లిపో."

"వెళ్తే వీడు కూసేదంతా ఒప్పుకున్నట్టే. నీకు లేని సిగ్గు నాకుందిరా," అని వెనుదిరిగింది.

అప్పుడే అతడి చూపు ఒక కొత్త పనివాడిమీద ఆగింది. వాడు వైరును మోచేతికి బిగించి చుడుతున్నాడు. మైకుసెట్టువాడెవడూ అలా చుట్టడు; లోపలి తీగలు మెలికపడి తెగుతాయి. మొదటి వారంలోనే మేస్త్రీ మొట్టికాయలతో ఆ అలవాటు మాన్పిస్తాడు.

"నిన్నెవరు పెట్టారు?"

"కళ్లద్దాల మేడమ్. ఆ ప్రసంగం బల్ల జోలికి నిన్ను రావొద్దన్నారు."

వాడు అటు తిరగగానే ఏజెంటు బల్ల కిందికి వంగి చూశాడు. మైకు స్విచ్చు తీగ ఆంప్లిఫయర్‌కు వెళ్లడం లేదు; సీలువేసిన రేకు పెట్టెలోకి వెళుతోంది. తుపాకీ కబురు అందరి కళ్లూ అటు తిప్పడానికే.

నినాదాలు మిన్నంటాయి. కంఠం వేదికెక్కాడు. ఏజెంటు పక్క మైకు అందుకున్నాడు.

"మైక్ టెస్టింగ్. ఒకటి, రెండు, నాలుగు."

మూడు దాటేస్తే వేదికమీదే బాంబుందని అర్థం. షామియానా పనివాళ్లలా నిలబడ్డ విభాగం మనుషులు నలుగురు కదిలారు. అప్పటికే కంఠం బొటనవేలు స్విచ్చును తాకింది. ఏజెంటు ఆ మణికట్టు ఒడిసిపట్టాడు.

"చెయ్యి తియ్యరా."

"షాక్ కొడుతుందన్నా. ఈ కార్డ్‌లెస్ పట్టుకుని ముందుకెళ్లండి. జనానికి మీరు నిండుగా కనబడాలిగా."

పొగడ్త పనిచేసింది. కంఠం ముందుకు నడిచాడు. వెనక బల్ల మాయమైంది. దొంగ పనివాడు మెట్లదగ్గరే దొరికాడు.

కంఠం పదకొండు నిమిషాలు తిట్టాడు. చట్టం విన్నది. పన్నెండో నిమిషంలో, "వాళ్ల ఇళ్లకు నిప్పుపెట్టండి, ఇప్పుడే," అన్నాడు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు నింపాదిగా వేదికెక్కారు. రోడ్డుకు అవతల అక్క చేతిలోని నిరసన అట్ట దించకుండా నిలబడే ఉంది.

"గాగుల్స్?" అని సాయంత్రం అడిగాడు ఏజెంటు.

"కారెక్కుతూ దొరికింది. ఇక మూడేళ్ల రిపోర్టులూ మొదటినుంచి చదవాలి."

"కంఠం? ప్రాణం నిలిపినందుకు ఏమైనా అన్నాడా?"

"రాసిచ్చాడు కూడా," అన్నది విభాగాధిపతి. "మైకువాడు చెయ్యి పట్టుకోవడంవల్ల తన వాక్‌స్వాతంత్ర్యానికి భంగం కలిగిందట."