లెక్కకు రాని గాలి

"లీకు ఎక్కడుందో కనిపెట్టు. మూడ్రోజులే టైము," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంటులో ఆ ఏజెంటును అందరూ 'బిరడా' అంటారు. ఇందులో చేరకముందు పాత భవనాల సందులు మూసే మెకానిక్కు మరి. సొంతింటి కిటికీ మాత్రం మూడేళ్లుగా మూసుకోదు. దానికి భార్య చేత రోజూ అక్షింతలే.

మిషన్ సింపుల్. వ్యాపార సంస్థ బోర్డు వెనక ఒక విదేశీ ముఠా ఉంది. మన గూఢచారుల జాబితా లీకై వాళ్లకు చిక్కింది. గురువారం అయిదింటికి ట్రాన్స్‌మిటర్‌లో సరిహద్దు దాటిపోతుంది. జాబితాలో మూడో పేరు బిరడా బావమరిదిది.

"లోపల సెక్రటరీ మన మనిషే. కోడ్ 'ఉక్కగా ఉంది'. జవాబు 'వానొస్తుందేమో'," అన్నాడు చీఫ్.

ఆ సంస్థ భవనంలో సందులు మూసే పని ఉందంటే, బిరడా మెకానిక్ వేషంలోనే దిగాడు. ముఖద్వారానికి గుడ్డతెర బిగించి, మధ్యలో పెద్ద ఫ్యాను పెట్టి లోపలి గాలిని బయటికి లాగాడు. గాలి ఎంత కారుతోందో మీటరు చెబుతుంది, ఎక్కడ కారుతోందో విరిస్తే పొగ వదిలే పొగపుల్ల చెబుతుంది. చాదస్తపు మనిషి, వచ్చిన పని వేరైనా, బేస్‌మెంట్ రికార్డు రూముతో సహా ఒక్క సందూ మూయకుండా వదల్లేదు. అయినా మీటరులో కాస్త లీకు మిగిలే ఉంది. ఎంతకీ లెక్క తేలక అతనికి తల కొట్టేసినట్టయింది.

గురువారం అయిదుకు పది నిమిషాలుండగా ఘాటైన సెంటు వాసన వచ్చింది. వెనకే నల్లకళ్లద్దాల సెక్రటరీ. మూడ్రోజులుగా కోడ్ ఊసెత్తని మనిషి ఇప్పుడు మెల్లిగా అంది,

"ఉక్కగా ఉంది."

"వానొస్తుందేమో."

"ట్రాన్స్‌మిటర్ బేస్‌మెంట్ రికార్డు రూములో ఉంది. రండి."

అతను లోపల అడుగుపెట్టగానే వెనక ఇనుపతలుపు ధన్‌మని పడింది.

"ఏమనుకోకండి," అంది ఆమె బయటినుంచి. "ఈ రూములో మంటలార్పే గ్యాసు నిలవట్లేదని కదా మీచేత సీల్ చేయించాం? ఎంత బాగా చేశారండీ! ఇప్పుడు చుక్క బయటికి పోదు."

పైపులోంచి బుస్సుమంటూ ఊపిరాడనివ్వని గ్యాసు. ఓరి నాయనో! తాను తీసిన గోతిలో తానే! తలుపు సందులో వేలు పెట్టి చూశాడు. ఎంత గట్టి పనో, గోరు కూడా దిగలేదు. బల్లెక్కాడు. తల దిమ్మెక్కింది. చావు సంగతి సరే, నీ ఒక్కగానొక్క తమ్ముణ్ణి కాపాడలేకపోయానని భార్యకు ఏ మొహంతో చెప్పడం?

అప్పుడు గుర్తొచ్చింది, లెక్కకు రాని ఆ కాస్త గాలి.

పొగపుల్ల విరిచాడు. పొగ తిన్నగా పోయి బీరువా తాళం రంధ్రంలో దూరింది. 'ఫైళ్లున్నాయి, ముట్టుకోవద్దు' అని సెక్రటరీ మూడ్రోజులూ కాపలా కాసిన బీరువా అది!

స్క్రూడ్రైవరుతో తాళం పగలగొట్టాడు. బీరువాకు వెనక రేకే లేదు. అవతల చిన్న గది, వెంటిలేటరు, ట్రాన్స్‌మిటర్ ముందు ఆపరేటర్, పక్కన అటువైపు నుంచి చుట్టి వచ్చి వాచీ చూసుకుంటున్న సెక్రటరీ. అయిదుకు నాలుగు సెకన్లు. ఆమె పిస్టల్ తీసేలోగా బిరడా సందులు నింపే నురుగు డబ్బా నొక్కాడు. మొదట నల్లకళ్లద్దాల మీద, తర్వాత ట్రాన్స్‌మిటర్ మీద. నురుగు పొంగి మీటలన్నీ బిగుసుకుపోయాయి.

"లీకు దొరికిందా?" అడిగాడు చీఫ్ ఫోనులో.

"దొరికింది సార్. మన మనిషే."

ఇంటికెళ్లేసరికి భార్య ఎదురొచ్చింది. "ఏమండీ, తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి వొంట్లో నలతగా ఉందట, గాలి మార్పుకి మనింటికొచ్చి రెణ్ణెల్లుంటాడట."

బిరడా మూసుకోని కిటికీ దగ్గర నిలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"రమ్మను. గాలికి మనింట్లో కరువేముంది?"