మూడింటికి మూతపడే సైటు

మా వదిన పనిచేసే లైబ్రరీ బేస్‌మెంట్‌లో ఒక గది ఉంది. దానికి మంచి పేరు లేదు. సొంతదారులు పోయాక దిక్కూమొక్కూ లేకుండా మిగిలిన వెబ్‌సైట్లని కాపీ తీసి, ఎవరైనా చూసుకునేలా అక్కడి యంత్రాల్లో దాస్తారు. సైట్ల వెనకాలే వాటిని రాసినవాళ్లూ వస్తారట... ఇది వాచ్‌మన్ మాట. ఆయన మెట్లు దిగడు. గతంలో అక్కడ రాత్రి డ్యూటీ చేసిన పెద్దమనిషి మూడో రోజుకే బదిలీ అడిగాడు.

వదిన నవ్వి పారేసింది. "దెయ్యాలకి పాస్‌వర్డులు తెలుస్తాయా?" అంది. నోటికున్న ధైర్యం మనిషికి ఉందో లేదో ఆ రాత్రే తేలిపోయింది. తను చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ఆ మధ్యాహ్నం ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. వాళ్ల నాన్న లెక్కల మాస్టారు. పిల్లల కోసం తన గొంతుతో చెప్పిన రెండొందల కథలు ఒక చిన్న సైటులో పెట్టి, నాలుగేళ్ల కింద పోయారు. ఆ సైటు తెల్లవారుజామున మూడింటికి మూతపడుతోంది. విషయం ఆవిడకి అప్పుడే తెలిసింది.

"ఇంట్లో ఫొటోలున్నాయమ్మా. గొంతు మాత్రం అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు."

వదిన మాటిచ్చింది. కాపీ యంత్రాన్ని ఆ సైటు మీదికి వదిలి, కింద ఒక్కతే కూర్చుంది.

ఒంటిగంటకి తోచక, పక్క కంప్యూటర్లో ఆ సైటు తెరిచింది. పేజీ అడుగున ‘సందర్శకులు: 4,112’ అని ఉంది. పాపం, ఇప్పుడెవరొస్తారు అనుకుంది.

కాసేపాగి మళ్లీ తెరిచింది... 4,153.

తను తెరిచినందుకు ఒకటి పెరగాలి. మరి మిగతా నలభై మంది ఎవరు — ఈ అర్ధరాత్రి?

మళ్లీ తెరిచింది... 4,170. మళ్లీ... 4,188.

వదినకి పై ప్రాణాలు పైనే పోయాయి. గదిలో యంత్రాల హోరు తప్ప చప్పుడు లేదు. వినగా వినగా, ఆ హోరులో ఎవరో ఎక్కాలు చదువుతున్నట్టు... చెయ్యి మెయిన్ స్విచ్ మీదికి వెళ్లింది. నొక్కి పరిగెడితే సరి. కానీ నొక్కితే మిగిలిన కథలు పోయినట్టే. ఆవిడ ఏడుపు గుర్తొచ్చి వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నేనెంత ఆటపట్టించినా, ఈ ఒక్కదానికి మా వదినని మెచ్చుకోవాలి. నేనైతే అప్పటికే రోడ్డు మీద ఉండేవాణ్ణి.

యంత్రాలు చూసే ఇంజనీరుకి ఫోన్ చేసింది. "ఏమండీ... సైటుకి జనం వస్తున్నారు," అంది గుసగుసగా.

అవతల పెద్ద ఆవలింత. "ఆ జనం మన యంత్రమే మేడమ్! కాపీ తీయాలంటే పేజీ తెరవాలిగా? తెరిచినప్పుడల్లా ఎవరో వచ్చారని ఆ సైటు లెక్క వేసుకుంటుంది. నన్ను పడుకోనివ్వండి."

తను వదిలిన దెయ్యానికి తనే జడుసుకున్నందుకు వదిన పడీపడీ నవ్వింది.

రెండూ యాభైకి యంత్రం పని ముగించి ఆగిపోయింది. వదిన సైటు తెరిచి చూసింది — 4,390. ఆవిడకి ఫోన్ కలిపింది.

"రెండొందల కథలూ వచ్చేశాయండీ."

అవతల వెక్కి వెక్కి ఏడుపు.

ఫోన్ పట్టుకునే వదిన చివరిసారిగా సైటు తెరిచింది. 4,391 ఉండాలి.

4,392.

"మీరు గానీ... ఇప్పుడు తెరిచారా అండీ?"

"లేదమ్మా. నాన్న గొంతు వినే ధైర్యం నాకింకా రాలేదు."

వదిన ఈసారి ఇంజనీరుని లేపలేదు. ఫోన్ పెట్టేసి, లేచి నిలబడి, స్క్రీన్ కేసి చూస్తూ మెల్లగా అంది — "మాస్టారూ, ఒక్క కథ కూడా పోలేదు. అమ్మాయికి చెప్పాను. మీరిక నిశ్చింతగా వెళ్లండి."

మూడయింది. స్క్రీన్ తెల్లబడింది... అంతే, వదిన మెట్లెక్కిన వేగానికి ఒక చెప్పు కిందే ఉండిపోయింది.

ఆ చెప్పు తెచ్చిపెట్టమని పదిరోజులుగా నన్ను బతిమాలుతోంది. దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. అయినా అరిగిపోయిన చెప్పు కోసం అంత కిందికి దిగడమెందుకని, కొత్త జత కొనిచ్చాను.