మాయమైన నలభై అయిదు నిమిషాలు

ఉదయం పదీ పదికి కాంటీన్ మెట్ల మీద టీ తాగుతున్న ఎయిర్‌పోర్టు గుమాస్తా గుండెల్లోకి తూటా దిగింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్. గ్లాసు పగిలిన చప్పుడు తప్ప ఎవరికీ ఏమీ వినపడలేదు.

మధ్యాహ్నానికల్లా అతని ఫైలు సీక్రెట్ సర్వీస్ చీఫ్ బల్ల మీదుంది. ఎదురుగా ఏజెంట్ డేగ.

"కొండ మీది ఎయిర్‌స్ట్రిప్ నుంచి దీవి ఎయిర్‌స్ట్రిప్‌కి దూరం?" అడిగాడు చీఫ్.

"ఆరువందల కిలోమీటర్లు. టపా విమానానికి గంటా నలభై నిమిషాలు."

"గురువారాల్లో రెండు గంటల ఇరవై అయిదు పడుతోంది. ఎదురుగాలి అని రాస్తోంది పైలట్. ఆకు కదలని రోజున కూడా! ఆ నలభై అయిదు నిమిషాలు ఏమవుతున్నాయని ఆ గుమాస్తా మనకి మూడు ఉత్తరాలు రాశాడయ్యా."

చీఫ్ మూడో ఉత్తరం ముందుకు తోశాడు. అడుగున ఎర్ర సిరా: 'పైలట్ నమ్మకస్తురాలు. చర్య అనవసరం.'

ఆ దస్తూరీ డేగదే.

పైలట్ కోడ్ నేమ్ వెన్నెల. పేరుకు తగ్గ అందగత్తె. డేగే ట్రైనింగ్ ఇచ్చి, విదేశీ ముఠాలోకి డబుల్ ఏజెంట్‌గా పంపాడు. ఇప్పుడామె ఎవరి మనిషో తేలాలి.

గురువారం పొద్దున్నే అతను టపా సంచుల వెనక నక్కి కూర్చున్నాడు. చేతి వాచీలో ట్రాన్స్‌మిటర్. గంట గడిచాక విమానం కుడివైపు ఒరిగింది. దీవి ఎడమవైపుంది. కాసేపటికి చక్రాలు నిర్జనమైన తీరంలో ఉప్పునేల మీద దడదడలాడాయి. వాచీ మీట నొక్కాడు. కమాండోల హెలికాప్టర్ రావడానికి ఇరవై నిమిషాలు.

బయట చిన్న విదేశీ విమానం ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంది. వెన్నెల ఒక స్టీలు గొట్టం అందులోని మనిషికిచ్చింది. తీరప్రాంత రాడార్ల డ్రాయింగులు!

ఇక ఆగడానికి లేదు. డేగ పిస్టల్‌తో కిందికి దూకాడు.

"అయ్యో, మీరా గురువుగారూ!" వెన్నెల పిస్టల్ తీసింది.

"గుమాస్తాని చంపింది నువ్వేనా?"

"ఎవరూ పట్టించుకోని ఉత్తరాలు రాయడం అతను మానేసుంటే బతికేవాడు. పట్టించుకోనిది మీరే కదా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. విదేశీ విమానం పరుగందుకుంది. ముందు చక్రం నేల వదలబోతుండగా డేగ పేల్చాడు. టైరు పేలింది. విమానం ముక్కు ఉప్పులోకి దిగబడింది. అదే క్షణంలో వెన్నెల తూటా అతని ఎడమ భుజాన్ని చీల్చింది. రెండోది పేలేలోగా అతను ఆమె మణికట్టు మెలితిప్పి పట్టుకున్నాడు.

హెలికాప్టర్ వచ్చింది. గొట్టానికీ, విదేశీయుడికీ, కాపలాకే చోటు సరిపోయింది. మిగతావాళ్ళకి ఓ మిలటరీ జీపు పంపారు.

"రోడ్డు మీద పద్నాలుగు గంటలండీ," అన్నాడు డ్రైవరు. "టపా విమానం ఖాళీగానే ఉందిగా, నడిపేవాళ్ళెవరూ లేరా?"

డేగ వెనక సీటు వైపు తిరిగాడు. వెన్నెల సంకెళ్ళ చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

"ఉన్నారు," అన్నాడు, భుజం కట్టు సర్దుకుంటూ. "నువ్వు రోడ్డు చూసి నడుపు."