రెండో శనివారం ఏడ్చే గది

ఎప్పుడక్క. ముప్పై ఆరేళ్లు. ఎవరేం చెప్పినా ముందు "ఎప్పుడు?" అని అడిగి, జవాబు చిన్న నోటుబుక్కులో రాసుకోవడం ఆమె అలవాటు. ఆ పేరు అలా వచ్చిందే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

ఆమె ఉద్యోగం ఒక పెద్దాసుపత్రి కంప్యూటర్ విభాగంలో. అక్కడ మెట్లు దిగి ఎడమవైపు చివరిదాకా వెళితే ఒక గది. లోపల ఇనప బీరువాల నిండా డిస్కులు. పేషెంట్ల స్కానులు, ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు అన్నీ వాటిలోనే. ఆ గదికి చెడ్డపేరు ఉంది. అర్ధరాత్రి దాటాక లోపల ఆడమనిషి ఏడుస్తుందని... ఏడ్చిన రాత్రి డిస్కులు కంప్యూటర్లకి కనబడకుండా మాయమవుతాయని... పొద్దున్నే విభాగం పెద్దసారు వచ్చి చెయ్యి పెడితే తప్ప తిరిగి రావని.

ఏడ్చేది ఎవరో కూడా అందరికీ తెలుసు. పాత మేడమ్. ఆ గదిని మొదట్లో అమర్చింది ఆవిడే. డిస్కులు మొదటిసారి మాయమైనప్పుడు తప్పంతా ఆవిడ నెత్తిన రుద్ది ఉద్యోగం పీకేశారు. ఆ దిగులుతోనే పోయిందట. పోయి, నేరుగా ఈ గదికే వచ్చిందట. చూశారా, బతికున్నప్పుడు నింద, చచ్చాక కూడా డ్యూటీ!

దాంతో ఒక రూలు పుట్టింది. ఆడవాళ్లకి అక్కడ నైట్ డ్యూటీ లేదు. "మీ మంచికే తల్లీ" అనేవాడు పెద్దసారు. నైట్ డ్యూటీ చెయ్యనివాళ్లు ఇన్‌ఛార్జి కాలేరన్నది ఇంకో రూలు. రెండూ ఆయన రాసినవే. ఎప్పుడక్క చేరి ఆరేళ్లయింది. ఆమె దగ్గర పని నేర్చుకున్న ముగ్గురు మగపిల్లలు ఈపాటికి ఆమెకి పైవాళ్లు.

ఇక్కణ్ణించి ఆమె నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ఒకరోజు వాచ్‌మన్‌ని పట్టుకుంది.

"ఏడుపు నువ్వు విన్నావా బాబాయ్?"

"ఎన్నిసార్లో! ఒళ్లు జలదరిస్తుంది."

"ఎప్పుడు?"

"ఎప్పుడంటే... రాత్రిళ్లు."

"ఏ రాత్రిళ్లు?"

బాబాయ్ విసుక్కుంటూనే గేటు రిజిస్టరు తెరిచాడు. గేటు వదిలి పారిపోయిన ప్రతిసారీ పాపం రాసిపెట్టుకున్నాడు. ఎప్పుడక్క తేదీలు వరసగా దించుకుంది. మూడు నెలలకోసారి. అన్నీ రెండో శనివారాలే. అన్నీ రాత్రి రెండు గంటలకే.

"అమావాస్య కాదు, పౌర్ణమి కాదు. సెలవు చూసుకుని వచ్చే దెయ్యాన్ని నేనెక్కడా వినలేదు బాబాయ్" అంది.

తర్వాతి తేదీ రాత్రి డ్యూటీ తనకి వెయ్యమని అర్జీ పెట్టింది. పెద్దసారు నవ్వాడు.

"సరే, ఒక్క రాత్రి. కానీ డిస్కులు పోయి, తెల్లారి నేనే రావాల్సి వస్తే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు. నువ్వే కాదు, ఇక్కడ ఏ ఆడపిల్లా ఎత్తకూడదు."

నైట్ డ్యూటీవాళ్లకిచ్చే సీలు కవరు బల్లమీదికి తోశాడు. లోపల పెద్ద పాస్‌వర్డు ఉంటుంది. అది లేకపోతే గదిలో యంత్రాలని చూడొచ్చుగానీ ఏదీ మార్చలేరు. కవరు చింపితే మర్నాడు సంజాయిషీ రాసివ్వాలి.

ఆ రాత్రి బయల్దేరుతుంటే ఇంట్లో అత్తగారు అడ్డం పడింది. "దెయ్యానికి భయపడవు సరే, మీ సారుకైనా భయపడవటే?"

"రెండూ ఒకటేనేమో అత్తయ్యా... వెళ్లి చూసొస్తా."

రెండు గంటలైంది.

లైట్లు ఒక్కసారి ఆరి వెలిగాయి. బయటెక్కడో జనరేటరు గుర్రుమంది. అంతలో చివరి బీరువాలో చప్పుడు పూర్తిగా ఆగిపోయింది...

తర్వాత మొదలైంది ఏడుపు.

సన్నగా. పళ్ల మధ్యనుంచి వచ్చినట్టు. పోనుపోను గొంతెత్తి, గది గోడలకి తగిలి తిరిగొచ్చే ఏడుపు. బీరువా లోపలి చీకట్లో, ఎప్పుడూ పచ్చగా ఉండే రెండు కళ్లు నారింజరంగుకి తిరిగాయి.

"భయమేసింది. వెయ్యలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? భయపడుతూనే వెళ్లాను" అంది నాతో.

వెళ్లి చెయ్యి చాచింది. వేడిగాలి మొహానికి కొట్టింది. ఫ్యాన్లు! బీరువాలో ఉన్న స్విచ్ — డిస్కులని పైన ఉన్న కంప్యూటర్లతో కలిపే పెట్టె — కరెంటు పోయి, మళ్లీ లేస్తోంది. లేచేటప్పుడు దాని ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతాయి. ఏడుపు అదే. కళ్లు దాని దీపాలు. మూడు నెలలకోసారి, రెండో శనివారం రాత్రి, కరెంటు ఆపి జనరేటరుని పరీక్షిస్తారు. మిగతా యంత్రాల వైర్లన్నీ బ్యాటరీ లైనులో ఉన్నాయి. దీనిదొక్కటే మామూలు లైనులో ఉంది.

కానీ ఫ్యాన్లు నెమ్మదించాక కూడా దీపాలు నారింజరంగులోనే ఉన్నాయి.

ఫోను మోగింది. ఆపరేషన్ థియేటర్ నర్సు. "అక్కా, తెరమీద స్కాను మాయమైంది! పేషెంటు టేబుల్ మీదున్నాడు!" అంది గుసగుసగా.

"పది నిమిషాలు ఆగమను."

తెరమీద కారణం రాసే ఉంది. ఇన్నేళ్లూ ఎవరూ చదవలేదంతే. ఈ స్విచ్‌కి పక్క భవనంలో ఒక జత ఉంది. రెండూ మాట్లాడుకోవాలంటే, అవతలి జవాబు కోసం ఎంతసేపు ఎదురుచూడాలన్న లెక్క రెండింట్లో ఒకటే ఉండాలి. అందులో పన్నెండు సెకన్లు. ఇందులో పది. లెక్క కుదరలేదు కాబట్టి తెగతెంపులు చేసుకున్నాయి, డిస్కులకి దారి మూసుకుపోయింది.

కవరు వైపు చూసింది. చర్రున చింపింది. పది తీసి పన్నెండు కొట్టింది.

ఒక దీపం పచ్చబడింది... రెండోది...

"వచ్చింది అక్కా! వచ్చేసింది!"

అప్పుడామెకి పాత అలవాటు గుర్తొచ్చింది. ఇది మొదలైంది ఎప్పుడు? స్విచ్‌లో ఎవరేం మార్చారో పక్క కంప్యూటర్లో దాచిన చిట్టా వెనక్కి తిప్పింది. ఇరవై ఆరుసార్లు, ఏడ్చిన ప్రతి రాత్రి తర్వాత, పొద్దున్నే ఎవరో వచ్చి పన్నెండు కొట్టారు. ఒక్కసారీ సేవ్ చెయ్యలేదు. సేవ్ చెయ్యకపోతే కరెంటు పోగానే స్విచ్ మళ్లీ పదికి వెళుతుంది. ఇరవై ఆరు చోట్లా ఒకటే పేరు. పెద్దసారు.

అడుగున, యంత్రం అమర్చినవాళ్ల వివరాల దగ్గర, ఒక ఫోను నంబరు ఉంది. పాత మేడమ్‌ది.

రాత్రి రెండుంపావుకి, చచ్చిపోయిన మనిషికి ఫోను చేసింది ఎప్పుడక్క.

మోగింది... మోగింది...

"ఎవరూ?" ఆడగొంతు.

"మేడమ్... మీరు పోయారని ఇక్కడ అందరూ..."



"ఎప్పుడు?" అంది ఆ గొంతు.

విషయం విని ఆవిడ పెద్దగా నవ్విందట. "ఆ పన్నెండు మొదటిసారి ఆయన చేత కొట్టించింది నేనే. సేవ్ చెయ్యండి సార్ అంటే 'నాకు చెప్తావా?' అన్నాడు. కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితమే నా నేరమైంది. ఇంకో ఊళ్లో ఇదే పని చేసుకుంటున్నా. హాయిగా నిద్రపోతున్నా, నువ్వు లేపేదాకా."

"ఆయనకి తెలియక వదిలేశాడంటారా, తెలిసేనా?"

"ఇరవై ఆరుసార్లు ఆసుపత్రిని కాపాడానని దండలేయించుకున్నాడు కదా. తెలిస్తేనేం, తెలియకపోతేనేం? ముందు సేవ్ చెయ్యి."

చేసింది. ఆపరేషన్ అయ్యాక వైరు బ్యాటరీ లైనులోకి మార్చింది.

పొద్దున్నే పెద్దసారు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, కనిపించిందా?"

"మాట్లాడాను సార్. కులాసాగా ఉంది. మిమ్మల్ని అడిగానని చెప్పమంది."

ఆయన చూపు చిరిగిన కవరు మీద పడింది. "సంజాయిషీ రాయి" అన్నాడు.

రాసింది. ఇరవై ఆరు తేదీలూ జతచేసి ఒక కాపీ డైరెక్టరుకిచ్చింది. ఇంకో కాపీ ఆ గది తలుపుకి అంటించింది.