ముందు రాయి

మాచర్ల దాటాక సున్నపురాతి గుట్టలో, బావిలా నిలువుగా దిగే బిలం ఒకటుంది. ఎనభై ఏడులో వచ్చిన కరువుకి పైన చెరువులన్నీ నెర్రెలిచ్చినా, లోపల మాత్రం చుక్క చుక్కా నీరు కారుతూనే ఉంది. ఆ చుక్కలు పడ్డచోట వేల ఏళ్లుగా సున్నం పేరుకుని నిలువెత్తు రాయి లేచింది. ఎక్కడో సముద్రం వేడెక్కితే ఇక్కడ వాన మొహం చాటేస్తుంది, ఆ ఏడు రాతి పొర పలచబడుతుంది. కోసి చూస్తే సముద్రం కోపతాపాలన్నీ వరసగా కనిపిస్తాయి.

ప్రొఫెసర్ అమరేశ్వరరావు రెండేళ్ల కిందటే ఆ రాయి పైభాగం పట్టుకుపోయి పేరు తెచ్చుకున్నాడు. ఆ రోజు వానకి బిలంలోకి నీళ్లు తోసుకొచ్చాయి. ఉన్నది ఒకటే తాడు. ఆయన ముందు పైకెక్కి, కింద ఉన్న కూలీ బాజీతో "ముందు రాయి కట్టు" అన్నాడు. రాయి వచ్చింది. బాజీ రాలేదు, శవమూ దొరకలేదు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం మరి.

ఇప్పుడు రాయి మొదలు కావాలి. అది లేకపోతే ఆయన రాస్తున్న సముద్రం కథ సగంలో ఆగిపోతుంది. తాడు లాగడానికి బాజీ తమ్ముడు, లారీ మెకానిక్ జిలానీనే తెచ్చుకున్నాడు. ఆ తెగింపుని ఏమనాలో నాకు తెలీదు.

"మా అన్న పోయింది ఈడేనా సార్?"

"కాలు జారిందయ్యా, పాపం."

మిట్టమధ్యాహ్నం ప్రొఫెసర్ ఒక్కడే దిగాడు. లోపల గబ్బిలాల కంపు, తడి సున్నం వాసన. టార్చి వెలుగులో రాయి మొదలు కోసి, రంపం పక్కన పెట్టాడు.

రంపం చప్పుడు ఆగలేదు... ఇంకాసేపు కోస్తున్నట్టే వినబడి, అప్పుడు ఆగింది.

పైకి పోదామని తాడు అందుకున్నాడు. కానీ చేతికొచ్చిన రాయిని వదలబుద్ధి కాలేదు.

చెవి పక్కనే ఎవరో గుసగుసలాడారు.

"ముందు రాయి కట్టండి సార్..."

చేతులు వాటంతటవే కట్టేశాయి. తాడు బిగిసింది. రాయి పైకి వెళ్లిపోయింది. తాడు మళ్లీ దిగలేదు.

"జిలానీ... తాడు వదులు..."

పైనుంచి జిలానీ మాట స్పష్టంగా వినబడింది. "చెయ్యివ్వండి సార్. ఏంది సార్, మీ చెయ్యి చానా చల్లగుంది?"

అమరేశ్వరరావు గొంతు చించుకుని అరవబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

జీపు స్టార్టయింది. అప్పుడు పైన ఎవరో మాట్లాడారు. అది ఆయన గొంతే. అచ్చంగా ఆయన గొంతే.

"పద తమ్ముడూ. అమ్మీ ఎదురుచూస్తా ఉంటది."