ఇరవై మూడు గుడ్ల తండ్రి

కప్పల్ని పెంచే గాజుమిద్దెలో నూకరత్నం పదకొండో ఆకు కింద అద్దం పెట్టి చూసింది. జిగురుముద్దలో ఇరవై మూడు గుడ్లు, వాటిని ఆనుకుని కప్ప తండ్రి. బొటనవేలి కణుపంత కూడా లేడు.

"పదకొండో ఆకు. ఎరుపు సున్నా. తండ్రి మృతి. పది గంటలకు అనాథ గుడ్ల తొలగింపు," అంది పైకప్పులోంచి ప్రాణాలు లెక్కపెట్టే యంత్రం, జీవగణకి.

"నీ కళ్లు కాలా! పడుకున్నాడే."

గాజుకప్ప పగలు నిద్రపోతూ నెత్తురంతా కాలేయంలో దాచేసుకుంటుంది. ఒళ్లు నీళ్లలా తేటపడి పాముకైనా, పిట్టకైనా ఆనదు. సోమవారం బిగించిన జీవగణకికీ ఆనలేదు. దానికి ఎరుపు కనబడితేనే ప్రాణం.

రత్నం ఊపిరి బిగబట్టి చూసింది. తెల్లటి గుండె టిక్కుటిక్కుమంటోంది. ఇంట్లో ఎనిమిది నెలల పిల్ల కదలకుండా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, లేపి, ఏడిపించి, తనూ ఏడ్చే మనిషి ఆమె.

"లేపెయ్యమ్మా, ఎర్రబడతాడు," అన్నాడు సూపర్‌వైజరు గంగరాజు.

"గెంతి పోతాడండి. రాత్రంతా గుడ్లెండిపోకుండా తడిపి ఇప్పుడే కునుకేశాడు. పడుకున్నోళ్లని లేపే పాపం నాకొద్దు."

"దేంతో తడుపుతాడేంటి?"

"ఒంటేలు పోసేనండి."

గంగరాజు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

పదికి రెండు నిమిషాలు. గుడ్లని పీల్చే గొట్టం బుసకొడుతూ ఆకు వైపు జరుగుతోంది. రత్నం జీవగణకి మీటల పలక దగ్గరికి పరిగెత్తి 'తండ్రి పేరు' గడిలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరే కొట్టింది. ఏడో తరగతిలో బడి మానేసిన చెయ్యి, ఒత్తు దగ్గర తడబడింది.

"ఓర్నాయనో! నువ్వు తండ్రివేంటమ్మా?"

"ఎవరో ఒకరుండాలి కదండీ!"

జానెడు దూరంలో గొట్టం ఆగింది. జీవగణకి మొదటిసారి ఆలోచనలో పడింది.

"తండ్రి: నూకరత్నం. ఎరుపు పుష్కలం. పన్నెండు రోజులు ఆకు వదలరాదు." ఆ వెంటనే, "తండ్రిగారూ, గుడ్లు ఆరుతున్నాయి. తడపండి. పైపు నీళ్లు చెల్లవు."

గంగరాజు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అంతలో ఆకు కింద కప్ప తండ్రి కన్నైనా పూర్తిగా తెరవకుండా గుడ్ల మీదికి జరిగాడు, తన పని కానిచ్చాడు, మళ్లీ పడుకున్నాడు.

"తేమ సరిపోయింది. ధన్యవాదాలు, నూకరత్నంగారూ," అంది జీవగణకి.

"అయిపోయిందామ్మా?" అన్నాడు గంగరాజు గోడతోనే. "ఇటు తిరగొచ్చా?"